రంగస్థలమునందు ఏకసూత్రత
(బళ్ళారి రాఘవ స్మృత్యర్థము రియాదు నగరమున చేసిన ఉపన్యాసము)

బళ్ళారి రాఘవగారి స్మృతికి అంకితముగా నొక ప్రసంగము చేయుమని మీరు నన్ను కోరినపుడు, ఆ మహానటుని వేషములను వర్ణించి, వారి దుర్యోధనుని, హిరణ్యకశిపుని, పఠాను రుస్తుమును కన్నులార చూచిన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన మాటలను మీకు మరల వినిపించి విరమించుట సులభమైన మార్గమై యుండెడిది. కాని 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరుపొంది, 1946 ఏప్రిల్ 16న కన్నుమూయువరకు నాటకమును విడువని ఆ మహనీయులు, తమ ప్రతిభను మెచ్చుకొనువారికంటె తమ అసంతృప్తిని అర్థము చేసికొనువారినే ఎక్కువగా కోరియుందురని నా నమ్మకము. నటుడు ఎంతటివాడైనను సరే, అతని చుట్టునున్న రంగమంతయు అతనితో కలిసి ఒక్క ప్రాణముగా చలింపనిచో నాటకము సిద్ధింపదన్నదే ఆ అసంతృప్తికి మూలము. 1928లో వారు ఐరోపాఖండమునకు వెళ్ళి, బెర్నార్డ్ షా వంటి నాటకకర్తలను కలిసికొని, అచ్చటి రంగస్థలములను పరిశీలించి వచ్చిరి. వారు చూచినది అంతకు ఏబదియేండ్ల ముందే మొలకెత్తిన ఒక మహాపరివర్తనము యొక్క ఫలము; ఆ పరివర్తనమే నేటి నా ప్రసంగవిషయము.

బళ్ళారివారికి ఈ విషయము పరాయిది కాదు. రాఘవగారి మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో ‘చిత్రనళీయము’ను ప్రదర్శించి, ‘విషాదసారంగధర’తో తెలుగున విషాదాంతనాటకమునకు దారితీసినవారు. అదే ఊరిలో వకీలుగా నుండిన కోలాచలము శ్రీనివాసరావుగారు 1908లో ప్రపంచనాటకచరిత్రను ఆంగ్లమున గ్రంథస్థము చేసిరి. సముద్రమునకు దూరముగా, కొండగుట్టల నడుమనున్న ఒక జిల్లాపట్టణమున కూర్చుండి ప్రపంచనాటకమును గూర్చి యోచించిన ఆ పెద్దలను తలచుకొన్నపుడు, ఎడారినడుమ వెలసిన ఈ మహానగరమున కూర్చుండి మనము అదే యోచన చేయుట అనుచితమని నాకు తోచదు.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున పారిసులోగాని లండనులోగాని నాటకము సామాన్యముగా ఎట్లు నడచుచుండెనో విన్నచో, మన నాటకసమాజముల చరిత్ర నెరిగినవారు ఆశ్చర్యపడరు. ప్రతి నాటకశాలకును అడవి యొకటి, రాజసభ యొకటి, వీధి యొకటి, గది యొకటి చిత్రించిన తెరలును ప్రక్కతెరలును సిద్ధముగా నుండెడివి. షేక్స్పియరు విషాదమైనను, నిన్నమొన్న వ్రాసిన ప్రహసనమైనను అవే దిగెడివి, అవే లేచెడివి. ప్రధాననటుడు తన దుస్తులను తానే కుట్టించుకొని తెచ్చుకొనెడివాడు. ప్రక్కవాడు ఏ శతాబ్దపు వేషమున నిలిచియున్నను అతనికి పట్టెడిది కాదు. పాదదీపముల వరుసకు చేరువగా, రంగమునకు సరిగా నడుమ నిలిచి, ఎదుటి పాత్రతో అనవలసిన మాటను ప్రేక్షకులతో అని, చప్పట్లు అణగువరకు ఆగి, మరల అందుకొనుటయే సంప్రదాయము. జనసమ్మర్దపు దృశ్యములకు నాటి సాయంకాలమే కూలికి పిలిచిన మనుష్యులు వచ్చి, సీజరు ఎవరో బ్రూటసు ఎవరో ఎరుగకయే, చేతులెత్తుమన్నపుడు ఎత్తి పోయెడివారు. రచయిత బుద్ధి యొకటి, చిత్రకారుని బుద్ధి యొకటి, నటుని బుద్ధి మరియొకటి. వీనినన్నిటిని ఒక్క త్రాట గూర్చు బుద్ధి ఎవ్వరిదియు కాదు.

ఈ స్థితి మారుటకు కారణములను కళాకారుల హృదయములందు మాత్రమే వెదకరాదు, దీపములందును వెదకవలెను. 1817లో లండనునందలి డ్రూరీలేను నాటకశాల రంగమునకు గ్యాసుదీపములు వచ్చినవి. పిదప సున్నపుకడ్డీని జ్వాలలో తెల్లగా కాల్చి తెల్లని తీక్ష్ణకాంతిని పుట్టించు సాధనము వచ్చినది. 1881లో సెవాయ్ నాటకశాల విద్యుద్దీపములతో వెలిగినది. నూనెదీపముల మసకలో నిజమైన తలుపువలె కన్పించిన చిత్రపటము ఈ క్రొత్తవెలుగున తన రంగుపూతను తానే బయటపెట్టుకొన్నది. బట్టపై చిత్రించిన పిడిని పట్టి తలుపు తీయబోవు నటుని చూచుట ప్రేక్షకునకు దుస్సహమైనది. కనుక మూడుగోడలు, పైకప్పు, నిజముగా తెరచుకొను తలుపులు గల గదిని రంగముపై నిర్మించు పద్ధతి బలపడెను. 1867లో టాం రాబర్ట్సను వ్రాసిన ‘కాస్ట్’ నాటకమున పేదయింటి బల్లచుట్టు కూర్చుండి పాత్రలు టీ కాచుకొని త్రాగుట జనులకు వింతయైనది. ఇట్టి నాటకములను కప్పుసాసరు నాటకములని గేలి చేసినవారును ఉండిరి. అంతకుముందే, 1850 ప్రాంతములనుండి పదియేండ్లపాటు, చార్లెసు కీను షేక్స్పియరు చారిత్రకనాటకములకు పురాతనశిల్పములను, శాసనములను పరిశోధించి దుస్తులు, భవనములు తీర్చెను. చరిత్రజ్ఞానము పెరిగినది, విజ్ఞానశాస్త్రము మనుష్యుని అతని పరిసరములతో కలిపి చూడుమని బోధించినది, టిక్కెట్టు కొని లోనికి వచ్చు మధ్యతరగతి గృహస్థుడు తన యింటివంటి ఇంటిని రంగముపై చూడగోరినాడు. ఇవన్నియు నిజమే. అయినను కీను వైభవమున కాని, రాబర్ట్సను టీపాత్రలలో కాని నేను ముఖ్యమని యెంచునది, అనగా రంగమంతయు ఒక్క బుద్ధిచే నడచు ఏకసూత్రత, పూర్ణముగా లేదు. వస్తువు నిజమైనంతమాత్రమున నాటకము నిజము కాదు.

ముఖ్యమైనది జర్మనీలోని ఒక చిన్న సంస్థానమున పుట్టినది. సాక్సుమైనింగెను ప్రభువగు రెండవ గేయోర్గు 1866లో సింహాసనమెక్కెను. ఆయన స్వయముగా చిత్రకారుడు. యుద్ధమును, రాజనీతిని ఎరిగినవాడైనను మనస్సు మాత్రము తన ఆస్థాననాటకశాలయందే నిలిపినవాడు. 1873లో ఎలెన్ ఫ్రాంట్సు అను నటిని వివాహమాడెను; నటీనటుల ఉచ్చారణను, వాచికమును తీర్చిదిద్దు భారము ఆమె వహించెను. లుడ్విగ్ క్రోనెక్ అను హాస్యనటుడు అభ్యాసములను నడపు అధికారి యాయెను. ఈ ముగ్గురును కలిసి చేసిన పని ఇట్టిది: ప్రతి దృశ్యమునకును ప్రభువు తన చేతితో చిత్రములు గీయును, ఆ చిత్రమున గోడ ఎచ్చట నుండునో మాత్రమే కాక, ఆ గోడప్రక్క నిలుచువాని భుజము ఎటు వంగునో కూడ నుండును. కోబుర్గు నగరపు బ్రూక్నరు సోదరులు తెరలు చిత్రింతురు. బట్ట చారిత్రకమైనదైనచో దాని బరువును చారిత్రకముగనే యుండవలెను, ఏలయన బరువైన వస్త్రము నటుని నడకను మార్చును. అందుచేత కడపటి దినమున కాక, అభ్యాసకాలముననే దుస్తులు, ఖడ్గములు, కవచములు ధరింపవలెను. రంగతలము చదునుగా నుండక మెట్లతో, ఎత్తుపల్లములతో నుండవలెను. నటుడు రంగమునకు సరిగా నడుమ నిలువరాదు. ఇద్దరు ప్రక్కప్రక్కల ఒకే భంగిమలో నుండరాదు.

జనసమూహము విషయమున వారు చేసిన ఏర్పాటును కొంత విపులముగా చెప్పక తప్పదు. వంద మంది మూకను ఒక్క ముద్దగా నిలుపుటకు మారుగా వారిని చిన్నచిన్న గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు అనుభవశాలియగు ఒక్కొక్క నటుని నాయకునిగా చేసి, ఆ నాయకునికి ఏ మాటకు తన గుంపు ఎట్లు కదలవలెనో నిర్దేశము లిచ్చిరి. నేడు ప్రధానపాత్ర ధరించినవాడు రేపు మరియొక నాటకమున పేరులేని పౌరుడై నిలువవలెనని శాసనము చేసిరి. అట్లు నిలువనొల్లనివానికి ఆ సమాజమున చోటు లేదు. ఫలితము ‘జూలియస్ సీజర్’లో కన్పించెను. సీజరు శవము చెంత ఆంటొనీ ప్రసంగించుచుండగా, వినుచున్న రోమకజనము మొదట అనుమానపడి, పిదప కరగి, తుదకు మండిపడుట ఒక్కొక్క ముఖమున వేర్వేరుగా గోచరించినది. ఆంటొనీ ఎంతటి నటుడో అని కాక, ఆ జనమెంతటి నటుడో అని ప్రేక్షకులు చెప్పుకొనుచు ఇంటికి వెళ్ళిరి. 1874 మే నెలలో బెర్లినులో తొలిసారి ఇట్టి ప్రదర్శనమిచ్చిన ఆ సమాజము 1890 వరకు ఐరోపా నగరములందు పర్యటించి రెండువేల అయిదువందలకు పైగా ప్రదర్శనము లొసగినది. 1881లో లండనును, 1885లోను 1890లోను రష్యాను దర్శించినది. ఒక పట్టణమంతకు మించని సంస్థానము ఖండమునంతటికి గురువైనది.

మన విజయనగరమున ఆనందగజపతి మహారాజుల ఆశ్రయమున జగన్నాథవిలాసినీ సభవారు 1892లో ‘కన్యాశుల్కము’ను తొలిసారి ప్రదర్శించుచున్న కాలమునకు మైనింగెనువారి పర్యటనలు ముగిసి రెండేండ్లు మాత్రమే అయినవి. ఒకరి నొకరు ఎరుగని ఈ రెండు సంస్థానములను ఒక్కచోట తలచుకొనుట నాకు ఇష్టమైన పని.

అదే కాలమున, 1876లో, బైరాయిటు నగరమున రిచర్డ్ వాగ్నరు తన సంగీతనాటకములకై ప్రత్యేకశాలను నిర్మించెను. వాద్యబృందమును రంగమునకు దిగువ కంటబడకుండ దాచెను. ప్రక్కల నుండు ఉప్పరిగగదులను తొలగించి ఆసనములన్నియు రంగమునకు అభిముఖముగా విసనకఱ్ఱ ఆకారమున అమర్చెను. ప్రేక్షకశాలలోని దీపములను తగ్గింపించెను. ప్రేక్షకులు ఒకరి నొకరు చూచుకొనుటకు వచ్చు చోటును నాటకమును చూచుటకు వచ్చు చోటుగా మార్చిన ఘనత ఆ చీకటిది. కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, అభినయము ఒక్క కృతిగా కరగవలెనని ఆయన పట్టుపట్టెను. ఆయన కథలు దేవతలవి, వీరులవి. వాస్తవికతతో వానికి చుట్టరికము తక్కువ. అందువలననే ఏకసూత్రతయు వాస్తవికతయు ఒకటి కావని, వేర్వేరు మార్గముల వచ్చి ఒకచోట కలిసినవని మనము గ్రహింపగలుగుచున్నాము.

వాస్తవికతకు వాక్కునిచ్చినవాడు నార్వేదేశపు ఇబ్సెను. 1879 డిసెంబరులో కోపెన్‌హాగెనునందు ‘డాల్స్ హౌస్’ ప్రదర్శితమైనపుడు, భర్తను పిల్లలను విడిచి తలుపు మూసికొని వెళ్ళిపోయిన నోరాను గూర్చి ఐరోపా గృహములన్నిటను వివాదము చెలరేగెను. 1881లో వెలువడిన ‘గోస్ట్స్’ను ఆడుటకు పేరున్న నాటకశాలలు జంకినవి; మైనింగెను ప్రభువు 1886లో తన శాలలో ఆడించెను. ఫ్రాన్సున ఎమిల్ జోలా 1881లోనే నాటకమునందలి సహజవాదమును గూర్చి గ్రంథము ప్రకటించి, మనుష్యుని అతని పరిసరములనుండి వేరుచేసి చూపరాదని వాదించెను. కాని వాదము నాటకము కాదుగదా! దానిని నాటకముగా చేసినవాడు పారిసు గ్యాసు కంపెనీలో గుమాస్తా.

ఆంద్రే ఆంత్వాను చరిత్రను, ఉద్యోగములు చేసికొనుచు సెలవుదినములందు కళను ఉపాసించు మనవంటివారు శ్రద్ధతో వినవలెను. అతడు 1887 మార్చి 30వ తేదీన మోంమార్త్రు కొండవాడలోని ఒక చిన్నశాలలో, తోటి ఔత్సాహికులతో నాలుగు చిన్న నాటికలు ప్రదర్శించెను. వానిలో జోలా కథ ననుసరించిన ‘జాక్ దమూర్’ కొరకు తన తల్లి భోజనశాలలోని బల్లను, కుర్చీలను తోపుడుబండిపై వేసికొని తెచ్చెను. అదియే ‘తెయాత్ర్ లీబ్ర్’, అనగా స్వేచ్ఛానాటకశాల. చందాదారులకు మాత్రమే ప్రదర్శించుటచేత ప్రభుత్వపరిశీలకుల కత్తెరనుండి అది తప్పించుకొన్నది. రంగమునకు ముందుండు నాలుగవ గోడ ఉన్నట్లే భావించి, నటులు ప్రేక్షకులను మరచి, కావలసివచ్చినపుడు వారికి వీపు త్రిప్పి మాటలాడిరి. 1888లో ఒక నాటికలో కసాయిదుకాణము చూపవలసివచ్చి నిజమైన మాంసఖండములనే వ్రేలాడదీసిరి. ఆ మాంసమును గూర్చియే లోకము ఎక్కువగా మాటలాడినది. నాకు మాత్రము అది ఆంత్వాను ప్రతిభకు గుర్తుగా తోచదు. అదే సంవత్సరము అతడు బ్రస్సెల్సు వెళ్ళి మైనింగెనువారి ప్రదర్శనములను చూచి, వారి జనసమూహములను మెచ్చి, వారి దీపముల అమరికలోని లోపములను ఎంచి, విమర్శకుడు సార్సేకు వ్రాసిన దీర్ఘలేఖ చదివినపుడే అతడెంతటి విద్యార్థియో తెలియును. గది నాలుగు గోడలను ముందు పూర్తిగా భావించుకొని, పాత్రలు అందు ఎట్లు బ్రతుకుదురో తేల్చుకొని, పిదపనే ఏ గోడను తొలగించి ప్రేక్షకులకు చూపవలెనో నిర్ణయింపవలెనన్నది అతని పద్ధతి. వస్తువుల సేకరణ యెవ్వరైనను చేయగలరు. ఇట్టి యోచన దర్శకుడే చేయవలెను.

ఆంత్వాను మాదిరినే బెర్లినులో విమర్శకుడు ఒట్టో బ్రాము 1889లో ‘ఫ్రైయె బ్యూనె’ను, లండనులో జె. టి. గ్రైను 1891లో స్వతంత్రనాటకశాలను స్థాపించిరి. రెండును ‘గోస్ట్స్’తోనే ఆరంభమైనవి. బెర్లిను సంఘము 1893లో గేర్హార్ట్ హవుప్ట్‌మను రచించిన ‘నేతగాండ్రు’ను చందాదారుల యెదుట ప్రదర్శించెను, ఏలయన బహిరంగప్రదర్శనమును పోలీసులు నిషేధించియుండిరి. 1844లో సైలీషియా ప్రాంతపు నేతపనివారు ఆకలి భరింపలేక తిరుగబడిన కథ అది. అందు నాయకుడు లేడు; నేతగాండ్ర సమూహమే నాయకుడు. మైనింగెనువారు సీజరు శవముచుట్టు తీర్చిన సమూహమునకు హవుప్ట్‌మను ఆకలిని, భాషను, అన్యాయముపై కోపమును ఇచ్చెను. వాస్తవికతయు ఏకసూత్రతయు నిజముగా కలిసికొన్న స్థలము నా దృష్టిలో ఇదియే.

మాస్కో కథ సుపరిచితము గనుక క్లుప్తముగా చెప్పెదను. 1897 జూనులో స్తానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్ దాంచెంకో ఒక భోజనశాలలో ఆరంభించి పదునెనిమిది గంటలు మాటలాడి ఒక నాటకశాలను సంకల్పించిరి. మరుసటి యేట మాస్కో కళానాటకశాల తలుపులు తెరచినది. 1898 డిసెంబరున చెహోవు రచించిన ‘సీగల్’ అచ్చట జీవముపోసికొన్నది. స్తానిస్లావ్‌స్కీ 1890లో మైనింగెనువారిని చూచి ముగ్ధుడై, క్రోనెకు కఠినశాసనమును కొన్నేండ్లు అనుకరించెను. ఆజ్ఞచే నటుని శరీరమును కదలింపవచ్చును గాని హృదయమును కదలింపరాదని తరువాత ఆయనయే గ్రహించి, తన ఆత్మకథలో ఆ మాట నిర్మొహమాటముగా వ్రాసికొనెను. ప్రభువు గీసిన చిత్రమునకు లోపల మనుష్యుని ఉంచినది ఆ గ్రహింపే.

ఇక తెలుగురంగము. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత నాటకము ఆడించుటతో ఆధునికరంగస్థలము ఆరంభమైనదని చెప్పుట వాడుక. 1897లో ప్రథమముద్రణము, 1909లో పునర్లిఖితరూపము పొందిన ‘కన్యాశుల్కము’లో మన గురజాడ చూపిన వాస్తవికత ఏ ఐరోపానాటకమునకును తీసిపోదు, నిజమునకు మన నాటకసాహిత్యము మన రంగముకంటె చాల ముందున్నది. రంగము సంగతి వేరు. హార్మోనియము మ్రోగుచుండ పద్యమును రాగాలాపనతో సాగదీయుట, వన్స్ మోర్ కేకలకు చచ్చిన పాత్ర లేచి మరల పాడుట, పట్టణమునకొక నటుని చొప్పున కంట్రాక్టుపై పిలిపించి, అభ్యాసమన్నది లేకయే ఒకే రాత్రి ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులను నిలుపుట మనకు అలవాటైనవి. ఆ నటులలో మహాగాయకులుండిరి, వారి కంఠమాధుర్యమునకు నేనును దాసుడనే. కాని మైనింగెను ప్రభువు దేనిని నిర్మూలింపవలెనని తన జీవితమును వెచ్చించెనో అదియే మనకడ పండుగైనది.

రాఘవగారు ఈ ప్రవాహమునకు ఎదురీదిరి. పద్యమును సంగీతకచేరీగా కాక పాత్ర మాటగా పలుకుట, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి విద్యావతులను రంగమునకు తెచ్చుట, తరువాత మద్రాసు ప్రధానన్యాయమూర్తి యైన పి. వి. రాజమన్నారు గారి ‘తప్పెవరిది’ వంటి సాంఘికనాటకమును ప్రదర్శించుట వారు చేసిన సాహసములు. రాజమన్నారుగారే 1953లో సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులైరి. అయినను రాఘవగారికి ఒక మైనింగెను దొరకలేదు. వారు పెక్కుసార్లు ఏకాకిగా గొప్పవారు. వారి చుట్టును ఉండవలసిన సమూహము సిద్ధముగా లేదు. ఇది వారి లోపము కాదు, మన సంస్థల లోపము. 1929లో తెనాలిలో వెలసిన ఆంధ్రనాటకకళాపరిషత్తు పోటీలద్వారా క్రమశిక్షణ నేర్పినది. 1943 నుండి ప్రజానాట్యమండలివారు గరికపాటి రాజారావుగారి వంటి ప్రయోక్తల నాయకత్వమున సమూహాభినయమును ఊరూరను చూపిరి. సుంకర, వాసిరెడ్డిగార్ల ‘మా భూమి’ని చూచిన పల్లెజనము రంగముపైనున్న రైతులగుంపులో తమ్ము తాము చూచుకొనిరి. మన ‘నేతగాండ్రు’ అదియే యని నేను సంకోచింపక చెప్పెదను.

మనము నివసించు ఈ దేశపు నాటకచరిత్ర చిన్నదైనను హృదయమును కదలించునది. హుసేను సిరాజు కవి 1932లో ప్రకటించిన పద్యనాటకమును సౌదీసాహిత్యపు తొలినాటకముగా ఎంచుట కలదు. అటుపిమ్మట మక్కానివాసియగు అహమ్మదు అస్సిబాయి, అనగా నవల వ్రాసి, పత్రికలు నడిపి, మక్కానగరచరిత్రను రచించిన పెద్దమనిషి, 1960 ప్రాంతములందు ‘దార్ ఖురైష్’ అను నాటకశాలను ఆ నగరముననే నెలకొల్పి, యువకులను చేరదీసి, వారికి శిక్షణ నిప్పించి, రంగమును సిద్ధపరచెను. ప్రథమప్రదర్శనమునకు పూర్వమే అది మూతపడినది. తెర లేవని ఆ నాటకశాలను నేను ఈ దేశపు స్వేచ్ఛానాటకశాలగా భావించుచున్నాను. ఆంత్వాను తల్లి బల్లకును అస్సిబాయి అభ్యాసశాలకును నడుమ దూరము అదృష్టమునందే గాని సంకల్పమునందు లేదు. తరువాత పాఠశాలలు, విశ్వవిద్యాలయములు, 1973లో ఏర్పడిన సంస్కృతికళల సంఘము, 2007లో తాయిఫున పునరుద్ధరింపబడిన ఉకాజు సంతపండుగ నాటకమును బ్రతికించినవి. స్త్రీపాత్ర లేని నాటకములు వ్రాయుట చాలకాలము రచయితలకు తప్పలేదు. 2018 నుండి గాలి మారినది. సంస్కృతి మంత్రిత్వశాఖ ఏర్పడి, 2020లో నాటకము, ప్రదర్శనకళల కొరకు ప్రత్యేకసంస్థ వెలసినది. ధహ్రానునందు చమురు తొలిసారి సమృద్ధిగా పొంగిన బావికి చేరువనే ఇథ్రా భవనమున 900 ఆసనముల నాటకశాల కలదు.

2024 ఏప్రిలులో ఇదే రియాదు నగరమున, కింగ్ ఫహద్ సాంస్కృతికకేంద్రమున, ‘జర్కా అల్ యమామా’ సంగీతనాటకము ప్రదర్శితమైనది. యమామా యనునది నేటి రియాదు పరిసరప్రాంతమే. మూడుదినముల ప్రయాణదూరమున నున్న శత్రువును కనిపెట్టగల నీలికన్నుల స్త్రీ, చెట్లకొమ్మలచాటున నడచివచ్చు సైన్యమును చూచి హెచ్చరించినను తనవారు నమ్మకపోయిన విషాదగాథ అది. దానిని సౌదీకవి సాలెహ్ జమానాన్ రచించెను. సంగీతము ఆస్ట్రేలియావాడగు లీ బ్రాడ్‌షాది. ప్రధానపాత్రను ఆంగ్లగాయని సారా కొనలీ ధరింపగా, స్విట్జర్లాండు దర్శకుడు దానియేలే ఫింజీ పాస్కా నడపెను. సౌదీ యువగాయనీగాయకులును పాల్గొనిరి. ఇన్ని దేశముల చేతులను ఒక్క కల్పనకు లొంగదీసినది ఆ మైనింగెను వారసత్వమే. ఐనను భవనములు త్వరగా లేచును, సమాజములు మెల్లగా పండును. ఒకే ఊరివారు పదియేండ్లు కలిసి అభ్యసించి నిలుపు స్థానికసమాజములే రేపటి సౌదీరంగమునకు ప్రాణము కావలెనని, అస్సిబాయి మొదలుపెట్టిన పని అట్లు పూర్తికావలెనని నా హృదయపూర్వకమైన కోరిక.

చివరగా మన విషయము. ఉగాదికి, సంక్రాంతికి మనము కలిసికొన్నపుడు ఒక పద్యము, ఒక ఏకపాత్రాభినయము, ఒక సినిమాపాటకు పిల్లల నృత్యము వరుసగా సాగును. అవి సంతోషకరములే, పిల్లలకు భాష మిగుల్చునవి. కాని ఈ దేశమున జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి వచ్చి కూలిశిబిరములందు నివసించు వేలాది తెలుగువారు ఆ సభలందు వెనుకవరుసలలో నిలిచి చూచి పోవుచున్నారు. ఇంజనీరు, వైద్యుడు ప్రధానవేషములు ధరించుటయు, వడ్రంగి, డ్రైవరు కుర్చీలు మోయుటయు రెండువందలయేండ్ల నాటి ఆ పాత రంగస్థలపద్ధతియే. నేడు గిరీశముగా ఆడినవాడు రేపు బంట్రోతుగా నిలుచుటకు సిగ్గుపడని సమాజము మనకు కావలెను.

కనుక నాదొక ప్రార్థన. వచ్చు చలికాలమునకు ‘కన్యాశుల్కము’ ప్రథమాంకమును, బొంకులదిబ్బ దృశ్యమునుండి తుదివరకు, ఒక్క ముక్క విడువక ప్రదర్శింతము. దర్శకుడు ఒక్కడే యుండవలెను, అతని మాట అందరును పాటింపవలెను. శుక్రవారముల సాయంకాలములు అభ్యాసమునకు కేటాయింపవలెను. మధురవాణి చీర, రామప్పపంతులు తలపాగా కడపటి దినమున కాక తొలి నెలయందే సిద్ధము కావలెను. పాఠశాల సభాశాల యొకటి చాలును, ఇంటి కుర్చీలు చాలును. శిబిరములనుండి రాదలచిన సోదరులకు వాహనము ఏర్పాటుచేయు భారము మనలో కారు గలవారిది. ఈ సభ ముగియగానే ద్వారముచెంత పుస్తకమొకటి తెరచి యుంచుదురు. ఏ వేషము కావలెనని వ్రాయక, పేరు, ఊరు, వారమున ఏ సాయంకాలము ఖాళీయో మాత్రము వ్రాసి వెళ్ళవలసినదిగా మిమ్ముల నందరిని కోరుచున్నాను.